గిరిలో నిలబడ్డ అమ్మ

మా ఊళ్లో ఒక బ్యాంకు శాఖ ఉంది. పేరు చెప్పను. చెప్తే వాళ్లు నాకు మెసేజ్ పంపుతారు, 'మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడినది' అని. ఫిర్యాదు కంటే ఆ మెసేజ్ అంటేనే నాకు భయం.

పోయిన నవంబరులో ఆ శాఖను బాగుచేశారు. బాగుచేయడమంటే గోడలకు సున్నం వేయడం, ఆగిపోయిన ఫ్యాను తిరిగేలా చేయడం అనుకునేరు. కాదు. టై కట్టుకున్న కుర్రాడొకడు బెంగళూరు నుంచి దిగాడు. "బ్లాక్ బెల్టు అంట సార్" అని గార్డు నా చెవిలో చెప్పాడు. మనవైపు బెల్టు అంటే షాపే గుర్తొస్తుంది కాబట్టి క్యూలో ఒకరిద్దరు ఆశగా తలెత్తారు. ఇది ఆ బెల్టు కాదు, కరాటే తరహా బెల్టు. ఆఫీసులో వృథా ఎక్కడ దాక్కుందో పట్టుకుని తన్నే విద్యలో పసుపు, ఆకుపచ్చ, నలుపు అని అంచెలున్నాయి. 1986లో మోటరోలా కంపెనీలో పుట్టిన సిక్స్ సిగ్మా చదువు అది. పది లక్షల అవకాశాలకు తప్పులు 3.4 దాటకూడదని దాని లెక్క. ఆ పాయింట్ నాలుగు తప్పు చూడ్డానికి ఎలా ఉంటుందో అడుగుదామనుకున్నాను. మా అమ్మ పింఛను కాగితాలు చూశాక అడిగే పని లేకపోయింది.

కుర్రాడు మూడు రోజులున్నాడు. మొదటి రోజు బల్లల మీద పసుపు టేపు అంటించాడు. స్టేప్లర్ చుట్టూ స్టేప్లర్ ఆకారంలో, గమ్ము సీసా చుట్టూ గుండ్రంగా, స్టాంపు చుట్టూ నలుచదరంగా. శవం పడున్న చోట పోలీసులు సుద్దతో గీసినట్టు. ప్రతి వస్తువుకూ ఒక ఇల్లుండాలట, ఇంట్లో లేని వస్తువు వృథా కిందే లెక్కట.

ఈ వెర్రి మన దగ్గరే పుట్టిందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 2007లో ఇంగ్లండులో, న్యూకాసిల్ పక్కనున్న లాంగ్‌బెంటన్‌లో, పన్నుల శాఖ వారి ఆఫీసులో కూడా ఇలాగే బల్లల మీద నల్ల టేపు వేశారు. పెన్ను ఇక్కడ, పెన్సిలు అక్కడ. ఒక ఉద్యోగి బల్ల మీద అరటిపండు ఉంటే 'ఇది యాక్టివా, ఇనాక్టివా' అని ఆరా తీశారని అక్కడి పత్రికలు రాశాయి. ఇప్పుడే తినేదైతే యాక్టివ్, ఉండొచ్చు. కాసేపాగి తినేదైతే బల్ల దిగాలి. రవి అస్తమించని సామ్రాజ్యం నడిపినవాళ్లు చివరికి అరటిపండు మనసులో మాట తెలుసుకునే దశకు వచ్చారు.

సరే, మన కుర్రాడి దగ్గరికొద్దాం. రెండో రోజు బెంచీలు తీయించాడు. జనం కూర్చున్నారంటే ఎదురుచూస్తున్నారని అర్థం, ఎదురుచూపు వృథా, బెంచీ లేకపోతే ఎదురుచూపు కనపడదు. మూడో రోజు టోకెన్ మిషను దిగింది. టోకెన్ చేతికొచ్చిన క్షణం నుంచి మనిషి కౌంటరు దగ్గరికి చేరేదాకా పట్టిన సమయాన్ని ఆ మిషను రాసుకుంటుంది. సగటు ఆరు నిమిషాలు దాటితే మేనేజరుకు పైనుంచి ఫోనొస్తుంది. మేనేజరు నిన్నగాక మొన్న పుట్టినవాడు కాదు. మిషనును గార్డుకు అప్పజెప్పాడు. కౌంటరు ఖాళీ అయ్యేదాకా గార్డు టోకెను ఇవ్వడు. ఖాళీ కాగానే ఒకటి చింపి చేతిలో పెడతాడు. టోకెన్ కోసం గుమ్మం బయట గంట నిలబడినా మిషను దానికి సాక్ష్యం చెప్పదు. శాఖ సగటు నాలుగు నిమిషాలకు దిగింది. షీల్డొచ్చింది. బెంచీలుండే చోట గోడకు కొట్టారు.

ఇక మా అమ్మ. డెబ్భై ఆరేళ్లు. నాన్న రైల్వేలో చేసి పోయారు, కుటుంబ పింఛను వస్తుంది. ఏటా నవంబరులో తను బతికే ఉన్నానని రుజువు చూపించాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఇది వేలిముద్రతో అయిపోవాలి. 2021 నుంచైతే ఫోన్లో మొహం చూపిస్తే చాలు. మేమూ ఇంట్లోనే మొదలుపెట్టాం. అంట్లగిన్నెల బూడిదకూ రుబ్బురోలు పొత్రానికీ ఎప్పుడో ఇచ్చేసిన చేతిరేఖలు ఇప్పుడు మిషనుకు ఎక్కడ దొరుకుతాయి? సరేనని మొహం చూపించాం. ఫోను 'కళ్లు ఆర్పండి' అంది. అమ్మ ఆర్పింది. మళ్లీ ఆర్పమంది. "వీడెవడ్రా, ఈ వయసులో నన్ను కన్నుకొట్టమంటున్నాడు" అని ఫోను నా చేతిలో పడేసి, చీర మార్చుకుని, బ్యాంకుకు పద అంది.

శాఖ గుమ్మం ముందు 2020లో కరోనా రోజుల్లో జనం ఎడం పాటించడానికి వేసిన తెల్లరంగు గుండ్రాలు ఇంకా చెరిగిపోలేదు. లోపల బెంచీ లేదు, చేతిలో టోకెన్ లేదు. అమ్మ ఒక గుండ్రంలో నిలబడింది. నలభై నిమిషాలు. అద్దాల గోడ ఇవతల.

ఇక్కడ చిన్న పిట్టకథ చెప్పుకోవాలి. టయోటా కార్ల ఫ్యాక్టరీలో టైచీ ఓనో అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఈ రోజు లీన్ అనీ, కైజెన్ అనీ లోకమంతా తిరిగే శాస్త్రానికి ఆయనొక మూలపురుషుడు. వృథా ఏడు రకాలని తేల్చిందీ ఆయనే. జపాను భాషలో వృథాను ముడా అంటారు. హుడా, వుడాలు చూసినవాళ్లం గనక మనం ఇదేదో స్థలాల గొడవ అనుకునే ప్రమాదముంది. ఓనో కొత్త ఇంజనీర్లను ఫ్యాక్టరీలోకి తీసుకెళ్లి, నేల మీద సుద్దముక్కతో గిరి గీసి, అందులో నిలబెట్టేవాడు. 'చూస్తూ ఉండు' అని వెళ్లిపోయేవాడు. గంటలు గడిచాక వచ్చి ఏం కనపడిందని అడిగేవాడు. చెప్పింది చాలకపోతే మళ్లీ నిలబడాల్సిందే.

శాస్త్రం మన దాకా వచ్చేసరికి గిరి అలాగే ఉంది, లోపలి మనిషి మారాడు. నిలబడాల్సినవాడు ఏసీ గదిలో కూర్చుని కంప్యూటర్లో ఆకుపచ్చ గీతలు చూస్తున్నాడు. ఖాతాదారు గిరిలో నిలబడింది. అయినా గిరి మహిమ ఊరికే పోదు.

"ఏరా, ఆ రెండో కౌంటరు పిల్ల పదకొండుసార్లు లేచిందిరా" అంది అమ్మ.

"ఎందుకు?"

"తేదీ స్టాంపు ఒక్కటే ఉంది. ఆ చివర క్యాషు అబ్బాయి దగ్గర. కాగితం వచ్చినప్పుడల్లా లేచి వెళ్లి కొట్టుకొస్తోంది. అతని చేతిలో పనుంటే అక్కడే నిలబడుతోంది. పిల్లకి ఏడో నెలనుకుంటా. ఇంకో స్టాంపు కొనుక్కోవచ్చుగా వీళ్లు?"

బెంగళూరు కుర్రాడు మూడు రోజుల్లో పట్టుకోలేనిది అమ్మ నలభై నిమిషాల్లో పట్టుకుంది. బెల్టు లేదు, చీర కొంగు తప్ప. మేనేజరుతో ఆ మాటే అంది. "మంచి సూచన అమ్మా! ఆ సలహాల పెట్టెలో వెయ్యండి" అన్నాడాయన. పెట్టెకు తాళముంది. తాళంచెవి పాత మేనేజరుతో పాటు బదిలీ అయిపోయింది. పైగా ఆ బల్ల మీద రెండో స్టాంపుకు టేపు గియ్యలేదు. ఇల్లు లేని స్టాంపు వృథా.

టయోటా వంశంలో పెద్దాయన సకిచీ టయోడా ఇంకో చిట్కా వదిలిపెట్టి పోయాడు. ఏ తప్పు జరిగినా ఐదుసార్లు 'ఎందుకు' అని అడిగితే అసలు కారణం బయటపడుతుందని. మా అమ్మ అడిగింది. కాకపోతే ఒక్కో ఎందుకుకీ ఒక్కో రోజు పట్టింది. సర్టిఫికెట్ ఎందుకు ఎక్కలేదమ్మా? వేలిముద్ర పడలేదండీ, సర్వరు కూడా డౌను, రేపు రండి. వేలిముద్ర పడకపోతే సంతకం పెట్టిన ఫారం ఎందుకు తీసుకోరు? పేరు కలవట్లేదండీ. ఎందుకు కలవట్లేదు? పింఛను పత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్లో ఒక్క అక్షరమే ఉంది, పాన్ కార్డులో ఆ అక్షరం వెనక్కి వెళ్లి కూర్చుంది. కంప్యూటరుకు ముందుపేరూ చివరిపేరూ కావాలి. మనకేమో ఇంటిపేరు ముందు, మనిషి తర్వాత. దానికి నోటరీ దగ్గరికెళ్లి, స్టాంపు పేపరు మీద 'ఈ ముగ్గురు ఆడవాళ్లూ నేనే' అని ప్రమాణం చేసింది అమ్మ. నాలుగో రోజు ఆ కాగితం తీసుకునే ఆఫీసరు లేడు. ఎందుకు లేడు? వృథా తగ్గించడం మీద రెండు రోజుల శిక్షణకు వెళ్లాడు. ఐదో విడత పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

రెండు నిమిషాల పనికి పంతొమ్మిది రోజులు. ఆటోలు, నోటరీ, జిరాక్సులు, నా ఐదు పూటల సెలవు. మా ఇంటి లెక్క ఇది. శాఖ లెక్క వేరు. ఐదు టోకెన్లు, ఐదు సేవలు, సగటు నాలుగు నిమిషాలు, ఐదు నవ్వు బొమ్మలు. సేవ ఎలా ఉందో చెప్పే ఆ నవ్వు బొమ్మలు గార్డు నొక్కాడు. "మామ్మగారికి అందదు కదా సార్, ఎత్తులో పెట్టారు" అన్నాడు, పాపం. అంటే మా అమ్మ పని మొదటి రోజే అయిపోయి ఉంటే శాఖకు నాలుగు సేవలు నష్టం.

ఇంగ్లండులో జాన్ సెడన్ అనే ఆయన సేవా సంస్థల గడపలు ఎక్కి దిగి ఈ బాపతుకు ఫెయిల్యూర్ డిమాండ్ అని పేరు పెట్టాడు. మొదటిసారే సరిగా చేసి ఉంటే రావలసిన అవసరమే లేని జనం. కౌంటర్ల దగ్గరా ఫోన్లలోనూ కనిపించే రద్దీలో ఇదే పెద్ద వాటా అని ఆయన వాదన. మనకు ఇందులో వింతేముంది? దయ్యం లోపలికి రాకుండా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న జాతి మనది. దయ్యం నిజంగానే రోజూ వచ్చి, చదువుకుని, వెళ్లిపోయేదట. ఆ రాకపోకలన్నిటినీ సేవలుగా రాసుకోవాలని ఆ రోజుల్లో ఎవరికీ తట్టలేదు.

శాఖకు ఎదురుగా ఒక జిరాక్సు కొట్టుంది. శాఖలో ఏ పనికి ఏ ఫారం కావాలో, ఏ ఫారంలో ఏ గడి ఖాళీగా వదిలేస్తే మేనేజరు ఊరుకుంటాడో, ఏ రోజు సర్వరు పనిచేస్తుందో ఆ కొట్టతనికే తెలుసు. బ్యాంకు జీతమివ్వని ఉద్యోగి. ఇంతకుముందు లోపల గుమాస్తా చెప్పే ఆ సంగతులన్నీ ఇప్పుడు అతను చెప్తాడు, కాగితానికి రెండు రూపాయల చొప్పున. మూడోసారి వెళ్లినప్పుడు అమ్మ అతని కొట్టు ముందు కూర్చుంది. కూర్చున్నాక చూస్తే బెంచీ తెలిసినదే. వెనక చెక్క మీద తెల్లరంగుతో బ్యాంకు పేరు, వరస నంబరు. పాత సామాను కింద వేలం వేస్తే కొనుక్కున్నాడట. శాఖలో తగ్గిన వృథా ఎటు పోయిందని నాకు చాలా రోజులుగా అనుమానం. ఎటూ పోలేదు, రోడ్డు దాటింది.

ఫ్యాక్టరీ శాస్త్రం పట్టుకొచ్చి ఆఫీసుకు తగిలించినప్పుడు చూసుకోవాల్సిందీ ఇదే. ఫ్యాక్టరీలో సరుకు నిలవుంటే యజమానికి వడ్డీ పడుతుంది, అందుకే తగ్గిస్తాడు. సేవా సంస్థలో నిలవుండే సరుకు మనమే. మన మోకాళ్ల నొప్పి వాళ్ల పద్దుల్లో ఏ ఖాతాలోకీ రాదు.

శాస్త్రాన్ని తిట్టడం లేదు. మధురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో, సర్కారు కొలువు నుంచి రిటైరయ్యాక, 11 మంచాలతో అరవింద్ కంటి ఆస్పత్రి పెట్టారు. కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లతోనే శుక్లాల ఆపరేషన్లు చేసిన మనిషి. మెక్‌డొనాల్డ్స్ వాళ్లు ఎక్కడ చూసినా ఒకే తీరుగా, ఒకే వేగంతో వడ్డిస్తారే, కళ్లకు అదెందుకు పనికిరాదు అన్నది ఆయన ఆలోచన. ఆ ఆస్పత్రి ఆపరేషన్ గదిలో బల్లలు పక్కపక్కన ఉంటాయి. ఒక కన్ను పూర్తయ్యేసరికి రెండో బల్ల మీద ఇంకో కన్ను సిద్ధంగా ఉంటుంది. డాక్టరు ఇటు నుంచి అటు తిరుగుతాడు. రోగిని రేపు రమ్మనరు, నోటరీ తెమ్మనరు. డబ్బివ్వలేనివాళ్లకు ఉచితంగా చేస్తారు. ఆ ఊళ్లోనూ బ్యాంకులుంటాయి, ఎవరైనా వెళ్లి ఓ పూట చూసొస్తే బాగుండును.

డిసెంబరు మొదటివారంలో రసీదు తెచ్చుకుందామని మళ్లీ వెళ్లాం. గార్డు ఎందుకో టోకెను అడగ్గానే ఇచ్చాడు. రెండో కౌంటరు పిల్ల అమ్మను చూసి నవ్వింది. సొరుగులోంచి చిన్న తేదీ స్టాంపు తీసి చూపించింది.

"మీరన్నాకే కొన్నాను మామ్మగారూ. బస్టాండు దగ్గర కొట్లో. నా డబ్బుతోనే లెండి. పది రోజులై కాళ్ల వాపు తగ్గింది."

ఆమె ముందు మనిషి కాగితం మీద టక్కుమని కొట్టింది. కూర్చున్న చోటునుంచే. అమ్మ మొహంలో ఓనో గారికి కూడా దక్కి ఉండని సంతోషం.

మా కాగితం అందుకునేలోపే గుమ్మం దగ్గర గార్డు రెండుసార్లు గట్టిగా దగ్గాడు. పిల్ల గబుక్కున స్టాంపును లంచ్ సంచిలో, అరటిపండు కిందకు తోసేసింది. టై కుర్రాడు లోపలికొచ్చాడు. మెరుగుదల నిలిచిందో లేదో చూసే తనిఖీ అట. ఆమె బల్ల ముందు ఆగి, స్టేప్లర్ ఇంట్లో స్టేప్లరు, గమ్ము ఇంట్లో గమ్మూ ఉన్నాయని చూసి పలక మీద టిక్కులు పెట్టాడు. తర్వాత సంచి కేసి చూశాడు.

"అదేంటి?"

"అరటిపండు సార్. ఇప్పుడే తినేస్తాను."

తలూపి టిక్కు పెట్టి, అక్కడే నిలబడ్డాడు. ఆమె పండు వొలిచి రెండు ముక్కలు తింది. తర్వాత మా కాగితం చేతిలోకి తీసుకుని, నడుం మీద చెయ్యి ఆనించుకుని లేచి, ఆ చివర క్యాషు అబ్బాయి దగ్గరికి నడిచింది.