అయిదు పీరియడ్ల అడవి

2021 నవంబరులో తిరుపతి మునిగింది. వాన వెలిశాక ఎం.ఆర్.పల్లి పక్కన శ్రీకృష్ణానగర్‌లో ఒకావిడ తమ ఇంటి నీళ్ల సంపులోకి దిగి శుభ్రం చేస్తోంది. భూమిలో పాతిన సిమెంటు ఒరల సంపు అది. ఆమె లోపల ఉండగానే అది కదిలింది. ఒర వెనక ఒరగా నేలలోంచి పైకి లేచింది. ఆవిడ ఎలాగో బయటపడింది. సంపు మాత్రం పైకి లేచినట్టే ఉండిపోయింది. ఇక చూడాలి జనాన్ని. టీవీ వాళ్లు, సెల్‌ఫోన్ల వాళ్లు, పక్క వీధి వాళ్లు, పక్క ఊరి వాళ్లు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి నిపుణులు వచ్చి చూశారు. వింతేమీ లేదు, నేల నీళ్లతో నానిపోయింది, సంపేమో ఖాళీ అయింది, ఖాళీ బిందె నీళ్లలో తేలినట్టు ఒరలు తేలాయి, అంతే.

ఆ ఏడాది జిల్లాలో జరిగిన అన్నిటికన్నా మంచి ప్రాక్టికల్ క్లాసు అదే. హాజరు తీసుకోలేదు, ఇంటర్నల్ మార్కులు లేవు, అయినా జనం తోసుకుంటూ వచ్చారు. ఇదే పాఠాన్ని కాలేజీలో మధ్యాహ్నం మూడో పీరియడ్‌లో పెట్టి ఉంటే వచ్చే నలుగురిలో ఇద్దరు బస్సు టైమని లేచిపోయేవాళ్లు.

అదే వానల్లో ఇంకో పాఠమూ నడిచింది. కొర్లగుంట, గొల్లవానిగుంట, తాతయ్యగుంట ఇప్పుడు తిరుపతిలో పేటల పేర్లు. గుంట ఎక్కడుందని అడిగితే ఆటోవాడు మనిషిని ఎగాదిగా చూస్తాడు. మనుషులు మరిచిపోయినా నీళ్లకు మాత్రం పాత అడ్రసులు నోటికొచ్చు. పల్లం ఎక్కడుందో వెతుక్కుని, తలుపు కూడా తట్టకుండా ఇళ్లలోకి వచ్చేశాయి.

ఇలాంటి ఊరికి పర్యావరణ శాస్త్రవేత్తలు కావాలంటే ఎవరూ కాదనరు. వాళ్లు ఎక్కడ తయారవుతారన్న దగ్గరే పేచీ. కాలేజీలో ఒక డిప్లొమా పెడితే సరిపోతుందని పెద్దల నమ్మకం. గది ఖాళీగా ఉంది, బోర్డు రాయించారు, ప్రాస్పెక్టస్ మీద పచ్చటి ఆకు బొమ్మ వేయించారు. ఇంకేం కావాలి?

ఈ నమ్మకానికి సుప్రీంకోర్టు అంత పెద్ద పునాది ఉంది. ఎం.సి.మెహతా అనే న్యాయవాది వేసిన కేసులో 1991 నవంబరు 22న కోర్టు పర్యావరణ పాఠం తప్పనిసరి అంది. విద్యాసంస్థలు ఆ మాటను పన్నెండేళ్లు ఆలోచించాయి. 2003 డిసెంబరులో కోర్టు మళ్లీ గదమాయించింది, యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఒక సిలబస్ తయారుచేసింది. మొత్తం 50 పాఠాలు, ఎనిమిది యూనిట్లు. పరీక్షకు 75 మార్కులు, క్షేత్ర పర్యటనకు 25. ఎనిమిదో యూనిట్టే ఆ క్షేత్ర పర్యటన. నదినో అడవినో కొండనో చూడాలి, కాలుష్యం ఉన్న చోటు ఒకటి చూడాలి, మొక్కలూ పురుగులూ పక్షులూ గుర్తించాలి, చెరువు జీవావరణం అర్థం చేసుకోవాలి. వీటన్నిటికీ కలిపి ఇచ్చిన సమయం అక్షరాలా అయిదు పీరియడ్లు.

అడవికి ఒకటి, చెరువుకు ఒకటి, పక్షులకు సగం, పురుగులకు సగం. మిగిలిన రెండూ బహుశా బస్సు కోసం ఎదురు చూడడానికి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. నీళ్లలో కుళ్లే సరుకు ఎంతుందో చెప్పే బీవోడీ పరీక్షను మన దేశంలో 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచి చేస్తారు. సీసాలోని సూక్ష్మజీవులు తీరిగ్గా తిని, ఎంత ఆక్సిజన్ వాడుకున్నాయో తేలాలి మరి. వాటికి టైంటేబుల్ తెలియదు, గంట కొట్టినా లేవవు. అయిదు పీరియడ్ల శాస్త్రవేత్త వాటిని మొదటి రోజే వదిలేసి ఇంటికి పోవాల్సి వస్తుంది.

డిగ్రీ దాకా ఎందుకు, ఇంటర్‌లోనే దీనికి శ్రీకారం చుట్టారు. చాలా ఏళ్లుగా మొదటి సంవత్సరం పిల్లలు నైతికత-మానవ విలువల పరీక్ష ఒకటి, పర్యావరణ విద్య పరీక్ష ఒకటి రాస్తూ వచ్చారు. పాస్ కావాల్సిందే, కానీ మార్కులు మొత్తంలో కలిసేవి కావు. విలువలూ పర్యావరణమూ మనిషికి అవసరమే గాని లెక్కలోకి రావని పదహారేళ్లకే ఇంత సూటిగా నేర్పిన పాఠం మరొకటి లేదు.

ఇక పాఠం చెప్పేదెవరు? వర్క్‌లోడ్ తగ్గిన వాళ్లెవరైనా సరే. తెలుగు మాస్టారికి నాలుగు పీరియడ్లు తక్కువైతే ఓజోన్ పొర ఆయన చేతికొస్తుంది. కామర్స్ మేడంకు తక్కువైతే జీవవైవిధ్యం ఆవిడ పద్దులోకి పోతుంది. పాపం వాళ్ల తప్పేముంది? 'పర్యావరణం అనగానేమి?' అని మొదలుపెట్టి గైడు చదివి నోట్సు చెబుతారు. పిల్లలూ అంతే భక్తిగా రాసుకుంటారు. కిటికీలోంచి శేషాచలం కొండలు కనబడుతుంటాయి. ఎండ పడుతోందని ఆ కిటికీ మూసేస్తారు.

కిటికీ అవతల ఏముందో కాస్త నిదానంగా చూడాలి. 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రిజర్వు, సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌కు మొదటిది అదే. ఎర్రచందనం సహజంగా పెరిగే చోటు ప్రపంచం మొత్తం మీద ఈ చుట్టుపక్కల కొండలే. దాని లాటిన్ పేరు టెరోకార్పస్ శాంటలినస్ అని డిప్లొమా పిల్లవాడు తప్పు లేకుండా రాస్తాడు. మాను కొట్టి చూసి చేవ ఎంతుందో చెప్పగలిగేది మాత్రం స్మగ్లర్లూ, వాళ్లను తరిమే ఫారెస్టు గార్డులూ. ఈ రెండు వర్గాలకూ ప్రాక్టికల్స్ రోజూ ఉంటాయి, రాత్రి బ్యాచ్‌తో సహా.

అదే కొండల్లో బంగారు బల్లి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ 1870లో దాన్ని వర్ణించాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా శాస్త్రవేత్తలకు అది దొరకలేదు. 1980లలో తిరుమల కొండల్లోనే మళ్లీ కనిపించింది. వందేళ్లూ అది ఎక్కడికీ పోలేదు, రాళ్ల సందుల్లో తన సంసారం తాను చేసుకుంటూనే ఉంది. రోజుకు వేలమంది భక్తులు పక్కనుంచి నడిచి వెళ్లారు, వెతికినవాడే లేడు.

ఘాట్ రోడ్డు పక్కన ఇంకో అద్భుతం ఉంది. కింద అతి పురాతనమైన గ్రానైటు, దాని మీద తర్వాతెప్పుడో పేరుకున్న ఇసుక గట్టిపడిన క్వార్ట్‌జైట్ పొరలు. రెండిటి మధ్య ఒక గీత, ఆ గీతలో కోట్ల ఏళ్లు మాయమయ్యాయి. భారత భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. కాలేజీ టూరు బస్సు దాని పక్కనుంచే మలుపు తిరుగుతుంది. ఆ క్షణంలో విద్యార్థి వాంతి కాకుండా నిమ్మకాయ వాసన చూస్తూ ఉంటాడు.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి వస్తుంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడే ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌కు 1,024 యాగి ఏంటెన్నాలు, నేలలో నాటిన అల్యూమినియం తోటలా ఉంటాయి. కొన్ని కిలోమీటర్ల పైన గాలి ఎటు వీస్తోందో అది పట్టేస్తుంది. మన డిప్లొమా సిలబస్‌లో గాలి గురించి ఒక ప్రశ్న ఉంది. 'వాయు కాలుష్య కారకాలను వివరింపుము.' పది మార్కులు.

ఇవన్నీ బస్సు చార్జీ దూరంలోనే ఉన్నాయి. మరి పిల్లవాడు ఎక్కడికి పోతాడు? జిరాక్సు షాపుకు. కాలేజీ గేటు ఎదుట ఉండే ఆ షాపే అసలైన ఎనిమిదో యూనిట్. స్పైరల్ బైండింగుతో సహా క్షేత్ర పర్యటన అక్కడ పూర్తవుతుంది. షాపులో కిందటేడాది సీనియర్ వదిలిపోయిన రికార్డు ఉంటుంది. అది 'ఉప్పాడ తీరంలో సముద్రపు కోత' అయితే, కాకినాడ మొహం చూడని పాకాల పిల్లవాడు ఉప్పాడ కెరటాల మీద 20 పేజీలు సమర్పిస్తాడు. శ్రీకృష్ణానగర్ సంపు అక్కడికి ఆటోలో పది నిమిషాలు, కానీ దాని మీద పాత రికార్డు లేదు కదా!

రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఈ సంగతి పసిగట్టిందో ఏమో, 2020-21లో డిగ్రీకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తెచ్చింది. మొదటి సంవత్సరం అయ్యాక 180 గంటలు ఏదో ఒక పల్లెకు పోయి ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి. అయిదు పీరియడ్ల నుంచి 180 గంటలకు ఎదగడం మామూలు విషయం కాదు, ఆలోచన నిజంగానే మంచిది. బుద్ధిగా తిరిగిన పిల్లలూ ఉన్నారు. తిరగనివాళ్ల ప్రాజెక్టుల్లో మాత్రం ఊరు ఊరంతా ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో, ఒకే రాత్రి జవాబులిచ్చి ఉంటుంది.

జిరాక్సు చదువు జిరాక్సు షాపు దగ్గరే ఆగితే నవ్వి ఊరుకోవచ్చు. ఆ చదువు పెద్దయి ఉద్యోగంలో చేరుతుంది. 2006 నోటిఫికేషన్ ప్రకారం గని, ఫ్యాక్టరీ, ఆనకట్ట వంటి పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదిక కావాలి. మహారాష్ట్ర రత్నగిరి దగ్గర ఒక బాక్సైటు గనికి తయారైన నివేదికలో అక్కడి పక్షులు స్ప్రూస్, బర్చి అడవుల్లో నివసిస్తాయని రాసి ఉంది. కొంకణ తీరంలో మంచుదేశపు చెట్లా అని ఆరా తీస్తే ఆ పేజీలు రష్యాలోని గని నివేదిక నుంచి దిగినవని తేలింది. అంతకు ముందు 2000లో కర్ణాటకలో దండేలి ఆనకట్ట నివేదిక వేరే ఆనకట్ట నివేదికను చూసి రాసిందని బయటపడింది. కుప్పం గ్రానైటు క్వారీ నివేదికలో ఎప్పుడైనా పెంగ్విన్లు కనిపిస్తే ఎవరూ కంగారు పడనక్కర్లేదు. ఏ గేటు ఎదుటి షాపులో బైండింగ్ అయిందో కనుక్కుంటే చాలు.

సరే, బుద్ధిగా చదివినవాడి సంగతేమిటి? 2024 మొదట్లో ఏపీపీఎస్సీ కాలుష్య నియంత్రణ మండలికి 21 మంది అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్లు కావాలని ప్రకటించింది. అర్హత సివిల్, మెకానికల్, కెమికల్ లేదా ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ డిగ్రీ. గేర్‌బాక్సు చదివినవాడు నది కాలుష్యం చూడొచ్చు, నది చదివినవాడు చూడకూడదు. గ్రేడ్-2 అనలిస్టు పోస్టులు 18 విడిగా వచ్చాయి. అంతకు ముందు 2017లో కేంద్రం హరిత నైపుణ్యాల శిక్షణ మొదలుపెట్టింది. పక్షుల్ని గుర్తించడం, మురుగునీటి శుద్ధి ప్లాంటు నడపడం, నీటి నాణ్యత చూడడం వంటి పొట్టి కోర్సులు అవి. 2021కల్లా అయిదున్నర లక్షల మందికి పైగా తయారు చేస్తామని చెప్పారు. వాళ్లందరూ తయారై ఉంటే ఈపాటికి ప్రతి చెరువు గట్టు మీదా ఒక నిపుణుడు కూర్చుని ఉండాలి. ప్రస్తుతానికి గట్ల మీద ప్లాట్ల రాళ్లే కనిపిస్తున్నాయి.

కెనడాలో ఒంటారియో కాలేజీలు ఈ చదువును రెండేళ్ల డిప్లొమాగా చెబుతాయి. బూట్లు వేసుకుని వాగులో దిగి నమూనా తీయడమే అక్కడ పాఠం. అది నేర్చుకోవడానికి మన పిల్లలు పొలం కుదువబెట్టి విమానం ఎక్కుతారు. ఇంటి వెనకాల వాగులో దిగితే మాత్రం అమ్మ తిడుతుంది.

ఇక్కడే ఉండిపోయినవాడు పీలేరు బస్సెక్కితే కండక్టరుతో మాట ఇలా నడుస్తుంది.

"ఏం చదవతా ఉండావబ్బా?"

"ఎన్విరాన్‌మెంటల్ సైన్సన్నా."

"అంటే? మొక్కలు నాటే డిపార్టుమెంటా?"

"కాదన్నా, కాలుష్యం..."

"ఓ, బండ్లకి పొగ సర్టిఫికెట్ ఇచ్చేదా! మా బామ్మర్ది గూడా అదే. పెట్రోలు బంకు కాడ వ్యాన్ పెట్టుకున్నాడు. ఏడు దాంకా చదివినాడు, బాగనే ఉండాడు."

ఆ బామ్మర్దిని తేలిగ్గా చూడకూడదు. ఈ చదువుకు సంబంధించిన మిషను రోజూ చేత్తో పట్టుకునే మనిషి అతను.

పలమనేరు వైపు పోతే ఇంకా పెద్ద నిపుణులు కనిపిస్తారు. 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటి నుంచి అడవి అంచు రైతు మంచె మీద రాత్రంతా మేలుకుని చదువుతున్నాడు. లద్దె చూసి ఎన్ని గంటల కిందట పోయిందో, కొమ్మ విరిగిన తీరు చూసి గుంపో ఒంటరి మగదో చెప్పేస్తాడు. ఏ విశ్వవిద్యాలయమూ అతనికి వైవా పెట్టలేదు, ఏనుగే పెడుతుంది. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం అడవి ఏనుగుల్ని తరిమే కుంకీ ఏనుగుల్ని నాలుగింటిని మనకిచ్చింది. శిక్షణ పూర్తి చేసి, ప్రాక్టికల్స్ పాసై, చేతిలో పోస్టింగుతో ఈ జిల్లాలో అడుగుపెట్టిన వన్యప్రాణి నిపుణులు ఆ నాలుగే. వసతీ భోజనమూ కూడా ప్రభుత్వమే చూసుకుంటుంది.

మామిడి కాలంలో బంగారుపాళెం చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరుతాయి. 2025లో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, వెరసి కిలోకు 12 రూపాయలని పంచాయితీ తేల్చారు. కాయలో దాదాపు సగం తొక్కా టెంకే. ఆ సగం ఎక్కడికి పోతుంది, కడిగిన నీళ్లు ఏ వంకలో కలుస్తాయి, ఎంత పులిసి ఉంటాయి? ఒక డిప్లొమా బ్యాచ్‌కు రెండేళ్లు సరిపడా పని అక్కడ కంపు కొడుతూ ఎదురు చూస్తోంది. కానీ గుజ్జు సీజను జూన్, జులై. ఎక్కువ రోజులు కాలేజీకి సెలవులు, మిగిలిన రోజులు అడ్మిషన్లు.

ఇక వైవా రోజు. నెల్లూరు నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చాడని, ఎదురుగా ఉప్పాడ రికార్డు ఉందని అనుకుందాం. పేజీలు తిప్పకుండానే ఆయన అడుగుతాడు.

"మీ ఊళ్ల పక్కనుంచి పోయే స్వర్ణముఖి ఎక్కడ కలుస్తుందమ్మా?"

"రెండో యూనిట్‌లో సార్."

ఆయన 25కు 23 వేసి సంతకం పెడతాడు. నాలుగున్నర బస్సు అందుకోవాలి. శ్రీకాళహస్తి దాటి నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి వంతెన వచ్చేసరికి ఆయన కిటికీకి తల ఆనించి గుర్రు పెడుతూ ఉంటాడు.