మనవాళ్ళ ప్రెసిడెంటు గారు

టొరంటో చుట్టుపక్కల ఏ స్కూలు ఆడిటోరియంలో ఉగాది జరిగినా, తలుపు దగ్గర సిల్కు లాల్చీ మీద చలికోటు తొడుక్కుని ఒక పెద్దమనిషి నిలబడి ఉంటాడు. ఆయనే తెలుగు సంఘం ప్రెసిడెంటు. పదవిలో లేని ఏడాది కూడా ప్రెసిడెంటే. "మాజీ" అన్న మాట ఆయన అటు తిరిగాకే అంటారు.

చెయ్యి కలిపి ముందుగా అడిగేది మీ పేరు కాదు. "ఏ ఊరండీ మనది?" తెనాలి అన్నారనుకోండి, "తెనాల్లో ఎక్కడ?" అంటాడు. తర్వాత ఇంటిపేరు. అంతటితో మనుషుల్ని "మనవాళ్ళు", "మనవాళ్ళే గానీ", "మంచివాళ్ళు" అని మూడు అరల్లో సర్దేస్తాడు. మూడో అరలో పడ్డవాళ్ళకి మర్యాద ఎక్కువ, పదవులు తక్కువ.

ఇంతకీ ఈయన్నే ఎందుకు ఎన్నుకుంటారు? ఏర్పాట్లు చూడటం రాదు. లెక్కలు అసలే రావు. హాలు పర్మిట్టు, ఇన్సూరెన్సు, పులిహోర ఎన్ని ట్రేలు చెప్పాలి, ఎవరి పిల్ల డాన్సు ముందు, ఎవరి పిల్ల డాన్సు భోజనాల తర్వాత - ఇవన్నీ చూసేది అకౌంటెంటుగా పనిచేసే ఒకావిడ. ఈసారి ఆవిణ్ణే ప్రెసిడెంటు చేద్దామని ఎవరో అంటే కమిటీ మొత్తం తలూపింది. "అంతా బాగానే ఉంది, ఆవిడ ఎవరి తాలూకు?" అని వెనక వరసలోంచి ఒక గొణుగుడు వినిపించింది. ఆవిడ పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో. చెప్పుకోడానికి ఊరే లేదాయె! మళ్ళీ ట్రెజరర్‌నే చేశారు.

మనవాళ్ళనే ఈ పట్టింపు మీద చదువుకున్నవాళ్ళు చాలానే తవ్వారు. 1970 ప్రాంతంలో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంగ్లండులో బడిపిల్లలకు క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, మీరు క్లే బొమ్మలు మెచ్చినవాళ్ళు, మీరు కాండిన్‌స్కీ బొమ్మలు మెచ్చినవాళ్ళు అని రెండు జట్లు చేశాడు. తమ జట్టులో ఎవరున్నారో తెలియకపోయినా, డబ్బు పంచమంటే పిల్లలు సొంత జట్టు వైపే మొగ్గారు. ఆ దారిలోనే వెళ్ళి హాస్లమ్, రైకర్ వంటివాళ్ళు తేల్చిందేమిటంటే, గుంపు తన గురించి తాను ఊహించుకునే రూపానికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళే నాయకుడిగా కనిపిస్తారట. మనకి క్లేలూ కాండిన్‌స్కీలూ అక్కర్లేదు. గోంగూరలో ఉల్లిపాయ వేస్తారా లేదా అన్నది చాలు.

అయితే ప్రెసిడెంటు గారి అసలు విద్య వేరే ఉంది. "మనం" అన్న మాటను ఎక్కడ ఎంత సాగదీయాలో ఆయనకి తెలుసు. కమిటీ గదిలో మనం అంటే రెండు మండలాలు. తెలంగాణవాళ్ళ బతుకమ్మకి వెళ్తే, "మంచిగున్నరా అన్నా! నేను ఇంటర్ చదివింది కూకట్‌పల్లిలనే." ఎంపీ వచ్చిన రోజున మనం భారతీయులం. గ్రాంటు ఫారం నింపేటప్పుడు దక్షిణాసియావాళ్ళం. 1971లో పియర్ ట్రూడో ప్రకటించిన బహుళ సంస్కృతుల విధానం 1988లో చట్టమైంది. దాన్ని ఈయన చదవలేదు గానీ సారం మాత్రం పట్టేశాడు: ఒంటరిగా వెళ్తే ఓటరు, గుంపుతో వెళ్తే ముందు వరసలో కుర్చీ.

2023 మార్చిలో టొరంటో స్కూలు బోర్డు కుల వివక్ష మీద తీర్మానం చేసినప్పుడు మాత్రం నొచ్చుకున్నాడు. "మన దగ్గర అలాంటివి ఎక్కడున్నాయండీ?" అని మీటింగులో గట్టిగానే అన్నాడు. అప్పుడు చేతిలో ఉన్నది వచ్చే కమిటీ జాబితా. అందులో పేర్లు కూడా లేవు, ఉన్నవన్నీ ఇంటిపేర్లే.

ఆంధ్రలో పుట్టిన ప్రసాద్ పండా 2019లో ఆల్బర్టాలో మంత్రి అయితే మిస్సిసాగాలో కేకు కోయించింది ఈయనే. "మనవాళ్ళు తలుచుకుంటే ఏదైనా సాధిస్తారు!" ఆ మనవాళ్ళ ఓట్లు కాల్గరీలో ఒక నియోజకవర్గం గెలవడానికి ఏ మూలకి? పండా గారు 2015లో వైల్డ్‌రోజ్ పార్టీ మనిషిగా నిలబడి గెలిచాడు. ఓటేసినవాళ్ళు ఇంటిపేరు అడిగి ఉండరు. ఈ మాట కేకు తింటూ అనడం బాగుండదు కనుక ఎవరూ అనలేదు.

సంఘం కిందటి ఎన్నికల్లో చిక్కొచ్చి పడింది. బ్రాంప్టన్ బేస్‌మెంట్లలో నలుగురైదుగురు కలిసి ఉండే కుర్రాళ్ళు సభ్యత్వాలు కట్టి గుంపుగా వచ్చారు. వీళ్ళకి ఊరూ పట్టదు, ఇంటిపేరూ పట్టదు. వాళ్ళ ప్రశ్న ఒకటే: "అంకుల్, మీరు బేస్‌మెంట్లో ఉన్నారా ఎప్పుడైనా?"

ప్రెసిడెంటు గారు ఒక్క క్షణం తడబడి, మైకు అందుకున్నాడు. "బేస్‌మెంట్ కష్టాలు నాకు తెలియవా తమ్ముళ్ళూ! ఆ హీటరు చప్పుడు, ఆ చిన్న కిటికీ..." గొంతు గద్గదమైంది. చప్పట్లు మోగాయి.

కిందకి దిగగానే భార్య చెవిలో అడిగింది: "మనం బేస్‌మెంట్లో ఎప్పుడున్నామండీ?"

"ఉండకపోతేనేం? ఆరుగురికి అద్దెకిచ్చాం కదటే!"