అథ శ్రీ డ్రాప్‌డౌన్ విజయము

శ్రీరస్తు. అవిఘ్నమస్తు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ అను చతుష్టయము ప్రసన్నమగుగాక.

తమ్మిలేటి తీరమున, తివాచీలకు పేరుగాంచిన ఏలూరను పురము కలదు. అందు పవర్‌పేటలో ఒక మేడమీది గదిలో, ఇన్వర్టరు రొదయే మంగళవాద్యముగా ఒక యువ వెబ్ డిజైనరు కొలువుదీరి యుండెను. కొల్లేటి చేపల వ్యాపారి యొకరు అతనికి సైటు పని అప్పగించిరి. సైటు నుదుట 'సరఫరా ఊళ్లు' అను మీట. మౌసు దానిపై వాలినంతనే మెనూ జారవలెను. ఏలూరు, కైకలూరు, ఆకివీడు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంకలు వరుసగా దర్శనమీయవలెను. కోరిక ఇంతే. దీనికి జరిగినది మహాభారతము.

క్రోమ్ మెనూను చక్కగా దించెను. ఫైర్‌ఫాక్స్ వెంట్రుకవాసి పక్కకు జరిపెను. స్పర్శతెర మీద వేలు వాలుట లేదు, నొక్కుటయే కలదు. కావున ఫోనులోని సఫారీ ఒకమారు తెరచి, ఒకమారు అలిగెను.

ఇది నేటి వైరము కాదు. 2001లో అవతరించిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 అను అసురుడు, లింకు మీద తప్ప మరెక్కడ మౌసు వాలినను కనుతెరచువాడు కాడు. వానిని మేల్కొల్పుటకు ఆనాటి వీరులు జావాస్క్రిప్టు మంత్రములు పఠించిరి. ఆ వంశమునకు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న తిలోదకములిచ్చెను. అసురుడు పోయెను, తగవు మిగిలెను.

అంతలో వ్యాపారి నుండి ఫోను మ్రోగెను.

"ఏంటి బాబూ ఇది? గూడెం పేరు తప్పు రాసేవేంటి? అక్కడి ఉల్లిపాయల మార్కెట్లో నవ్వుతున్నారు!"

"తప్పు రాయలేదండి. కాళ్లు తెగాయండి."

"ఎవరి కాళ్లు?"

అక్షరముల కాళ్లు! సైటు ఫాంటు పేరు చెప్పనిచోట విండోస్ నిర్మలను పిలుచును, ఆండ్రాయిడ్ నోటోను, ఐఫోన్ కోహినూర్‌ను. ముగ్గురివి మూడు ఎత్తులు. మెనూలోనో, వరుసకు 20 పిక్సెళ్లు బిగించి, పొంగినది కత్తిరింపుమని ఆజ్ఞ. ఏలూరుకు ఒత్తు లేదు, ఆకివీడుకు లేదు. అవి నిశ్చింతగా నిలిచెను. తాడేపల్లిగూడెం తాడేపలిగూడెమాయెను. కొల్లేరు కొలేరాయెను.

అంత మన వీరుడు భువనవిజయమునే ఆవాహన చేసెను. సిలికానాంధ్ర సంస్థ అందించగా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితముగా దొరకు తెలుగు ఫాంట్లలో పెద్దన గలడు, తిమ్మన గలడు, ధూర్జటి గలడు, తెనాలి రామకృష్ణుడు గలడు, సాక్షాత్తు కృష్ణదేవరాయలే గలడు. అతడు పెద్దనను వరించి, ఏ పరికరమందైనను ఈయనే కనబడవలెనని సీఎస్‌ఎస్ శాసనము వ్రాసెను. కాని కాలికి గండపెండేరము తొడిగించుకొన్న మహాకవి కాళ్లు నరకు ఇంట అడుగుపెట్టునా? కావున బిగించిన ఎత్తు సడలించి, కత్తిరింపు ఆజ్ఞ రద్దుచేసి, వరుస ఎత్తును అక్షర పరిమాణమునకు 1.8 రెట్లు చేసెను. ఒత్తులన్నియు క్షేమముగా దిగివచ్చెను. మీటను నొక్కినను తెరచుకొనునట్లు మార్చగా సఫారీ అలకయు తీరెను.

ఫలశ్రుతి: తెలుగు సైటు చేయువారలారా, మెనూను ఏలూరుతో పరీక్షింపవలదు, అది ఎక్కడైనను నెగ్గును. తాడేపల్లిగూడెంతో పరీక్షింపుడు. అదియు నెగ్గినచో 'రాష్ట్రం' అని వ్రాసి చూడుడు. అది నాలుగు బ్రౌజర్లలో ఒత్తులతో సహా నిలిచిన పిమ్మటనే బిల్లు పంపుడు.