పరలోకానికి అయ్యగారి నంబరు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో క్రైస్తవ విశ్వాసికి దేవుడు ఎంత దగ్గరివాడో చెప్పడం కష్టం గానీ, అయ్యగారు మాత్రం అంతకంటే దగ్గరివారని నిస్సంశయంగా చెప్పవచ్చు. 'అయ్యగారు' అంటే సంఘకాపరి, అనగా పాస్టరు. ఆయన భార్య సహజంగానే 'అమ్మగారు'. ధర్మవరంలో మగ్గానికి కొత్త వార్పు ఎక్కించినా, పెనుకొండ సమీపంలోని కియా కార్ల ఫ్యాక్టరీ నుంచి కుర్రవాడికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చినా, హిందూపురంలో పసిబిడ్డకు ఒళ్ళు వెచ్చబడినా, మోకాళ్ళు వంగకముందే వేళ్ళు ఫోను మీదికి పోతాయి. అవతల అయ్యగారు ప్రార్థిస్తారు, ఇవతల స్పీకరు పెట్టుకున్న ఇల్లంతా 'ఆమేన్' అంటుంది, ఆ పూటకు భక్తి ముగుస్తుంది.

ఈ వ్యవస్థకు పరాకాష్ఠ వాగ్దాన కార్డు. డిసెంబరు 31 రాత్రి కూడికలో, రాబోయే ఏడాదికి దేవుని మాటగా విశ్వాసి తీసుకునే ఒక బైబిలు వచనం ఈ కార్డు మీద ఉంటుంది. వచనం కంటే పెద్దగా అయ్యగారి ఫోటో, ఫోటో కింద ఫోను నంబరు ఉండటమూ కద్దు. మేలు చేసే ఉద్దేశాలను గూర్చిన యిర్మీయా 29:11 ఈ కార్డులకు మిక్కిలి ప్రియమైన వచనం. అది బబులోనుకు చెరగా కొనిపోబడినవారికి రాసిన ఉత్తరంలోనిదనీ, దాని ముందు వచనమే డెబ్బై ఏళ్ళు ఆగమంటున్నదనీ తెలియాలంటే బైబిలు తెరవాలి. కార్డు చేతిలో ఉండగా అంత శ్రమ ఎవరికి?

దేవునికీ విశ్వాసికీ నడుమ అయ్యగారి ఈ మధ్యవర్తిత్వానికి కమీషను కూడా ఉంది. హిందూపురం చింతపండు మార్కెట్టులో రైతు తన సరుకు తూగే కాటానైనా చూసి దళారికి కమీషను ఇస్తాడు. రాబడిలో పదో వంతు, అంటే దశమభాగం, సమర్పించే విశ్వాసికి ఆ సదుపాయం లేకపోగా, లెక్క అడగడమే అవిశ్వాసమని అతడే తీర్మానించుకుంటాడు. పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించిన రాష్ట్ర ప్రభుత్వం కూడా ఈ మధ్యవర్తిత్వానికి తనవంతు గుర్తింపు ఇచ్చింది.

నిజానికి తప్పంతా అయ్యగారిది కాదు. సీనాయి కొండ దగ్గర దేవుడు తమతో నేరుగా మాట్లాడవద్దనీ, తమ నాయకుడు మోషేయే మాట్లాడాలనీ ఇశ్రాయేలు ప్రజలే వేడుకున్నారని బైబిలులోని నిర్గమకాండం చెబుతుంది. దేవుడు మాట్లాడితే జవాబు చెప్పుకోవాలి, అయ్యగారు మాట్లాడితే 'ఆమేన్' సరిపోతుంది. దేవునికీ మనుషులకూ మధ్యవర్తి ఒక్కడేనని అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాశాడు. ఆ మాటను ప్రతివాడూ తన భాషలోనే చదువుకోవాలని 1818 నాటికే బెంగాలులోని శ్రీరాంపూరు మిషనరీలు తెలుగులో బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధన అచ్చువేశారు. రెండు శతాబ్దాల తరువాత ఆ గ్రంథం ఆదివారం జిప్పు సంచిలో గుడికి వెళ్ళి, అదే సంచిలో క్షేమంగా తిరిగివస్తున్నది.

మధ్యవర్తులే వద్దన్న తెలుగువాడు లేకపోలేదు. కృష్ణాతీరపు ఉపాధ్యాయుడు కలగర సుబ్బారావు 1942లో తనకు క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పి, బాప్తిస్మం, అంటే క్రైస్తవంలో చేర్చుకునే నీటి సంస్కారం, పుచ్చుకోకుండానే క్రీస్తు భక్తుడై, పాదిరీలను వెనక్కి పొమ్మంటూ పుస్తకమే రాశాడు. స్వస్థత కోసం జనం ఆయన గుమ్మం ముందే గుమిగూడటం ఈ చరిత్రలో అన్నిటికంటే తెలుగుదనం ఉట్టిపడే ఘట్టం.

అందుచేత మంచి పాస్టరు స్థితే దయనీయం. 'మీ ప్రార్థన మీరే చేసుకోండి, దేవుడు వింటాడు' అని ఆయన ధైర్యం చేసి బోధిస్తే, విశ్వాసులు ఆ ప్రసంగాన్ని కన్నీళ్ళతో మెచ్చుకొని, ఈయనకు అభిషేకం, అనగా దైవశక్తి, తగ్గిందని నిర్ణయించి, ప్రార్థన చేసిన నూనె ఇచ్చే పక్కవీధి అయ్యగారి నంబరు సంపాదిస్తారు.