నింద మోసిన కాయిల్

బండి ఆగిందంటే ముందుగా చెయ్యి పడేది నా మీదే. నేను ఇగ్నిషన్ కాయిల్‌ని. మాస్టారి పాత అంబాసిడర్ మార్క్ టూలో, ఇంజను పక్కన క్లాంపులో బిగించి ఉంటాను. డబ్బా నిండా నూనె. నూనెలో ఇనప రేకుల దిమ్మ. దాని చుట్టూ సన్నతీగ వేల చుట్లు, లావుతీగ కొన్ని వందల చుట్లు. డిస్ట్రిబ్యూటర్‌లో ప్లాటినం పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ లావుతీగలో కరెంటు పారుతుంది. విడిపోగానే ఠక్కున తెగుతుంది. ఆ తెగడంలోనే ఉంది నా విద్యంతా. 12 వోల్టులు తీసుకుని వేల వోల్టులు పుట్టించి ప్లగ్గుకు పంపుతాను. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 రవ్వలు రాల్చాలి నేను.

ఆ వేసవిలో బండికి ఓ జబ్బు పట్టుకుంది. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేచేది. గన్నవరం దాకా వెళ్లి తిరిగొస్తే మిస్ కొట్టడం మొదలు. ఓసారి సరిగ్గా కనకదుర్గమ్మ వారధి మధ్యలో ఆగిపోయింది, వెనక లారీల హారన్లు. కాసేపు వదిలేస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు లేచేది.

మొదటి మెకానిక్ బానెట్ ఎత్తాడు, నా ఒంటి మీద చెయ్యేసి వెంటనే తీసేశాడు. "కాలిపోతోంది మాస్టారూ, కాయిల్ పోయింది." కాలక? నాది 3 ఓమ్‌ల తీగ. పాయింట్లు కలిసినప్పుడల్లా 4 ఆంపియర్ల దాకా లాగుతాను, పైగా పక్కన మరుగుతున్న ఇంజను, నెత్తిన బెజవాడ ఎండ. అత్త మీద కోపం దుత్త మీద చూపించారు. కొత్త కాయిల్ వచ్చింది, నేను డిక్కీలో స్టెప్నీ పక్కకు చేరాను.

ఆ తర్వాత కండెన్సర్ మారింది. పాయింట్లు మారాయి. రోటర్, క్యాప్, ప్లగ్గు వైర్లు కూడా మారాయి. ఏది మార్చినా బండి లేచేది, అదే తమాషా. సామాను తెచ్చి బిగించేలోపు బండి చల్లబడేది కదా! బాగుచేసింది ఆ విరామం, మెప్పు కొత్త సామానుకి, డబ్బు మాస్టారి జేబులోంచి.

చివరికి ఆటోనగర్‌లో ఓ ముసలి వైరింగ్ మేస్త్రి దగ్గరికి చేరాం. ఆయన కథంతా విని, "రెండు కాయిళ్లకీ ఒకే జబ్బు రాదులెండి" అని నన్ను డిక్కీలోంచి తీయించి మళ్లీ బిగించాడు. ఆ మాట ఒక్కటి చాలు నాకు.

కుర్రాడు టెస్ట్ ల్యాంప్ పెట్టాడు. దేదీప్యమానంగా వెలిగింది. "కరెంటు ఫుల్లుగా వస్తోంది మేస్త్రీ!"

"పాయింట్లు విడిపోయున్నాయి కదరా. కాయిల్ ఏమీ లాగటంలేదు. లాగేటప్పుడు చూడాలి."

ఇంజను చేత్తో కొంచెం తిప్పి పాయింట్లు కలిపి, తాళం ఆన్ చేసి, మేస్త్రి మీటరు వైరు ఒకటి నా ఎస్‌డబ్ల్యూ అని రాసున్న కొనకీ ఇంకోటి ఎర్త్‌కీ ఆనించాడు. 12 చూపించాల్సింది 9 చూపించింది. మిగతా 3 వోల్టులూ దారిలో ఎవరో మింగేస్తున్నారు. నాకు కరెంటు తెచ్చే ఆ వైరే, పని లేనప్పుడు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. నాలుగు పోగులు మిగిలినా చూపిస్తుంది. అందుకే అన్ని షెడ్లలోనూ తప్పించుకుంది.

తర్వాత బ్యాటరీ నుంచి తిన్నగా నాకో వైరు లాగి బండి స్టార్ట్ చేసి అలా ఎండలో వదిలేశాడు. ఒక్క మిస్ లేదు. తాళం తిప్పినా ఆగదప్పుడు, వైరు పీకాల్సిందే. ఇంక నా జోలికి రాకుండా డ్యాష్‌బోర్డు కిందకి దూరాడు.

ఈ బళ్ల వైరింగు పాత బ్రిటిష్ లెక్క. బ్యాటరీ నుంచి తాళం దాకా బ్రౌను వైరు, తాళం నుంచి నా దాకా తెల్లది, మధ్యలో ఫ్యూజు ఉండదు. ఆ తెల్ల వైరు బాడీకి తగిలితే కట్ట మొత్తం కాలుతుంది, ఆ భయం నాకెప్పుడూ ఉంది. మేస్త్రి చేతికి తగిలింది మాత్రం ఓ టేపు ముద్ద. ఎప్పుడో ఎవరో తెల్ల వైరు కోసి, సీటు కిందకి లాగి దొంగ స్విచ్ పెట్టారు. అతుకు మెలితిప్పి టేపు చుట్టారంతే, సోల్డరింగ్ లేదు. విప్పితే రాగి నల్లబడి, ఆకుపచ్చ చిలుము. 3 వోల్టులు, 3 ఆంపియర్లు: 9 వాట్ల వేడి ఆ ముద్దలోనే. వేడికి అతుకు వదులవుతుంది, బండి ఆగుతుంది. చల్లారితే మళ్లీ పట్టుకుంటుంది.

దొంగ స్విచ్ పీకేసి, తాళం నుంచి నా దాకా కొత్త తెల్ల వైరు ఒకే ముక్కగా లాగాడు. మళ్లీ పాయింట్లు కలిపి, మీటరు ఈసారి బ్యాటరీ కొనకీ నాకూ మధ్య పెట్టాడు. అర వోల్టు కూడా చూపించలేదు.

మాస్టారికి కొత్త బెంగ పట్టుకుంది. "అదికాదు మేస్త్రీ, ఆ స్విచ్ మా నాన్నగారు దొంగల భయంతో పెట్టించింది. ఇప్పుడు ఎవడైనా ఎత్తుకుపోతే?"

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ స్టీరింగు పక్క గేరు రాడ్డు వైపు చూశాడు. "ఈ గేరు వెయ్యడం వచ్చిన దొంగ ఇంకా ఉన్నాడంటే, నా దగ్గరికి పంపండి మాస్టారూ. పనిలో పెట్టుకుంటాను."