తుప్పుకు వయసేమిటి?

ఉక్కు పోతపోసే ఊళ్లోనే ఉక్కుకు తుప్పు తొందర. విశాఖలో పాత ఎస్టీమో, హోండా సిటీయో నడిపేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకవైపు సముద్రపు ఉప్పుగాలి, మరోవైపు పోర్టు బొగ్గుదుమ్ము. తలుపు అడుగున నీళ్లు కారిపోవడానికి పెట్టిన చిన్న రంధ్రాలు ఆ దుమ్ముతో పూడిపోతే వాననీరు లోపలే నిలిచి రేకును తినేస్తుంది. పైకి మాత్రం బండి పెళ్లికొడుకులా మెరుస్తూనే ఉంటుంది. పుల్లతో ఆ రంధ్రాలు కెలకడానికి పైసా ఖర్చు లేదు. కానీ ఫీజుల పట్టికకు తలుపు కనపడదు, పుట్టినతేదీ ఒక్కటే కనపడుతుంది. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. 20 దాటితే 2025 నుంచి 10,000. గ్రీన్ ట్యాక్స్ వేరే.

పాతబండి పొగ చిమ్ముతుంది కదా అంటారు. నిజమే, పట్టించుకోని బండి చిమ్ముతుంది. దాన్ని పట్టుకోవడానికేగా పొల్యూషన్ పరీక్ష, ఫిట్‌నెస్ తనిఖీ! తప్పినవాడికి జరిమానా వేయండి, ఎవరూ కాదనరు. వేళకు ఆయిలూ ఫిల్టరూ మార్చి పాసైనవాడికీ ఎందుకు ఈ వడ్డన? వయసే నేరమైతే 1933లో తెరిచిన మన పోర్టు ఎంత కట్టాలో లెక్కేసి చెప్పండి.