డి డ్రైవ్‌లో ఉంది సార్, భయం లేదు!

కంప్యూటర్‌కు వచ్చే జబ్బులు ఎన్ని రకాలైనా కావచ్చు, మన దగ్గర మందు ఒక్కటే. నెమ్మదించిందా? ఫార్మాట్. బ్లూ స్క్రీన్ పడిందా? ఫార్మాట్. ప్రింటర్ పలకడం లేదా? అయినా ఫార్మాటే. బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు కుర్చీలో కూర్చోకముందే "కొట్టేద్దాం సార్" అంటాడు. జబ్బేమిటని అడిగితే "వైరస్" అంటాడు. ఏ వైరస్ అని కూడా అడిగారా, మీకేసి జాలిగా చూస్తాడు.

ఈ వైద్యంలో గొప్ప సౌలభ్యం రోగనిర్ణయం అక్కర్లేకపోవడం. ఉన్నదంతా తుడిచి, ఎవరో క్రాక్ చేసిన విండోస్‌ను పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కిస్తారు. "అప్‌డేట్లు ఆపేశాను సార్, స్లో చేస్తాయి" అని ఒక ఉచిత సేవ కూడా చేసి వెళ్తారు. అలా ఆపుకున్నవాళ్లకు 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ గట్టిగానే బుద్ధి చెప్పింది. అది చొరబడిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే ఇచ్చింది. అది వేసుకోని యంత్రాలు ప్రపంచమంతటా పడకేశాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

ఫార్మాట్ కొట్టాక యంత్రం నాలుగు రోజులు హుషారుగా తిరుగుతుంది. అయిదో రోజు కథ మొదటికొస్తుంది. రాక ఏం చేస్తుంది? ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము, ఓల్టేజి సరిగా ఇవ్వని ఎస్‌ఎంపీఎస్, వదులైన ర్యామ్, చావుకు దగ్గరపడిన హార్డ్ డిస్క్... వీటిలో ఏ ఒక్కటైనా విండోస్ మార్చితే నయమయ్యేదా? ర్యామ్ బయటకు తీసి, దాని అంచును రబ్బరుతో తుడిచి బిగిస్తే పోయే జబ్బుకు మూడేళ్ల ఫైళ్లు బలి. తేదీ మాటిమాటికీ వెనక్కి పోయి, బ్యాంకు సైటు తెరుచుకోకపోతే మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ మార్చాలి. వంద రూపాయలైనా కాదు. కానీ బ్యాటరీ మార్చితే "ఇంతేనా?" అంటారు, ఫార్మాట్ కొడితే డబ్బు లెక్కపెట్టి ఇస్తారు. తప్పంతా కుర్రాడిదే అనడం అన్యాయం.

అన్నిటికంటే ఘోరం డిస్కు టక్కుటక్కుమంటున్నప్పుడు జరుగుతుంది. ఆ చప్పుడు వినబడితే చేయాల్సిన మొదటి పని, దక్కినంత డేటాను వేరే డిస్కులోకి కాపీ చేసుకోవడం. మనవాడు ఆ డిస్కు మీదే రిపేరు ప్రోగ్రాం నడిపి, కొనవూపిరితో ఉన్నదాన్ని రాత్రంతా పరిగెత్తిస్తాడు. ఫొటోల సంగతేమిటని మీరు గాభరాపడితే అభయహస్తం చూపిస్తాడు: "అన్నీ డి డ్రైవ్‌లో వేశాను సార్, భయం లేదు."

ఆహా, డి డ్రైవ్! చాలా ఇళ్లలో సి, డి, ఇ అన్నీ ఒకే డిస్కుకు గీసిన గీతలు. డిస్కు పోతే అన్నీ కలిసే పోతాయి. ముందుగది బీరువాలోని నగలు వెనకగది బీరువాలోకి మార్చి, ఇల్లంటుకున్నా ఫర్వాలేదని ధీమాగా ఉండటమే ఇది. పైగా మనం ప్రాణంగా చూసుకునే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మామూలుగా ఉండేది సి డ్రైవ్‌లోనే. కొత్తగా ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నవారికి ఇంకో శుభవార్త. అందులో చెరిపేసిన ఫైళ్ల తాలూకు జాగాను ట్రిమ్ అనే ఏర్పాటు ఎప్పటికప్పుడు ఖాళీ చేయిస్తుంది. పాత డిస్కుల్లోలా తవ్వి తీద్దామంటే చాలాసార్లు ఏమీ మిగలదు.

చదువుకున్నవారి ధీమా వేరు. "మాదంతా క్లౌడ్‌లో ఉందండీ." ఉన్నది సింక్. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులుంటుంది, ఆ తర్వాత అంతే సంగతులు. ర్యాన్సమ్‌వేర్ తాళం వేసిన ఫైలు కూడా అంతే విధేయంగా క్లౌడ్‌కు ఎక్కుతుంది. పగలూ రాత్రీ కంప్యూటర్‌కు తగిలించి ఉంచే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుకూ అదే గతి.

మన నిర్వాకానికి పెద్దల తోడు లేకపోలేదు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడింది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ 858 టెరాబైట్లతో సహా బూడిదైంది. మరో చోట కాపీ లేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. అవసరం పడి చూస్తే ఒక్కటీ సరిగా లేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన కాపీ దొరికి గట్టెక్కారు. ఆ అయిదింటినీ అంతకుముందు ఎవరైనా ఒక్కసారి తెరిచి చూసి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవారు.

ఇలాంటి గతి పట్టకుండా పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఉంది. మూడు కాపీలు, రెండు వేర్వేరు సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. మూడు ఎక్కువంటారా? పెళ్లి శుభలేఖలు వెయ్యి కొట్టిస్తాం. పెళ్లి ఫొటోలకు ఒక్క డిస్కుతో సరిపెడతాం.

కాబట్టి అయ్యా, అమ్మా! ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొనండి. వారానికోసారి తగిలించి, కాపీ అయ్యాక తీసి బీరువాలో పెట్టండి. ఇంకో కాపీ చుట్టాలింట్లో ఉంచండి. నెలకోసారి అందులోంచి ఏదో ఒక ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఆ తర్వాత ఎవరైనా ఫార్మాట్ అంటే, ముందు జబ్బేమిటో చెప్పమనండి. చెప్పలేకపోతే కాఫీ ఇచ్చి పంపేయండి. డేటా రికవరీవాళ్ల బిల్లుతో పోలిస్తే కొత్త డిస్కూ చవకే, కాఫీ కూడా చవకే.